అవును, కాదు, వెనక్కి

ముందు ఒక దీర్ఘచతురస్రం గీయాలి. మూలలు గుండ్రంగా తిప్పాలి, లేకపోతే అది బటనులా ఉండదు, పెట్టెలా ఉంటుంది, పెట్టె కనిపిస్తే మనిషి చూస్తాడే తప్ప నొక్కడు, ఈ సంగతి నాకు ఒకటో తరగతి పిల్లలు నేర్పారు. ఆకుపచ్చ రంగు నింపాలి, లోపల తెల్లగా, లావుగా, "అవును" అని రాయాలి, ఆ తర్వాత దానికి లింకు తగిలించి నొక్కితే ఏ స్లైడుకు వెళ్ళాలో చెప్పాలి. ఈ పని నేను కళ్ళు మూసుకుని చేస్తాను, బడిలో నా పేరు చాలామందికి తెలియదు, బటన్ల టీచరు అంటే చాలు, పిల్లి బొమ్మ నొక్కితే మ్యావ్ అనేదీ, గొడుగు నొక్కితే వాన కురిసేదీ, తప్పు జవాబు నొక్కితే కప్ప నాలుక చాపి వెక్కిరించేదీ అన్నీ నేను చేసిన ఆటలే. ఇవాళ మాత్రం వేళ్ళు నా మాట వినడం లేదు. బయట లిఫ్టు ఆగిన చప్పుడు అయినప్పుడల్లా మౌస్ మీద చెయ్యి బిగుసుకుంటోంది. బావ కాదు. ఎవరో మందుల బండి తోసుకుంటూ వెళ్ళారు. బావ డిశ్చార్జి కాగితాలు తేవడానికి కిందికి వెళ్ళాడు, ఓ గంట పట్టొచ్చన్నాడు, "నేనొచ్చేలోపు మీ అక్కకి జడ వేసి ఉంచు మరదలా, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తా" అని నవ్వాడు, అప్పుడే గ్లూకోజు సీసా తీసేస్తున్న నర్సు కూడా నవ్వింది. దువ్వెన పరుపు మీద అలాగే ఉంది. నేను ముట్టుకోలేదు. నాకున్నది ఆ గంట.

అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బయటికి చూస్తోంది. అక్కడ చూడడానికేమీ లేదు, వరసగా ఆపిన కార్లు, ఒక నీళ్ళ ట్యాంకు, దాని కింద ఆరేసిన తెల్ల దుప్పట్లు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో వచ్చి అక్కడ మరిచిపోయి వెళ్ళిన వస్తువులా. మెట్ల మీంచి పడినప్పుడు తలకు ఎడమవైపు దెబ్బ తగిలిందట, చెయ్యి నెమ్మదిగా వస్తుందన్నారు, మాట సంగతి చెప్పలేమన్నారు. మనం చెప్పేదంతా ఆమెకు తెలుస్తుంది, లోపల మాట ఉంది, అది బయటికొచ్చే దారే పూడుకుపోయింది అని మాటల మేడమ్ నాకు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది, ఇలాంటి రోగులకు మాటలు తిరిగి నేర్పించడమే ఆవిడ ఉద్యోగం. అన్ని మాటలూ పోయి అక్కకు ఒక్కటి మిగిలింది. "మరే." నీళ్ళు కావాలా అంటే మరే. నొప్పిగా ఉందా అంటే మరే. నేనెవర్ని అక్కా అంటే కూడా మరే, ఆ తర్వాత తనకే తెలిసి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఇంత పెద్ద నిఘంటువులోంచి ఆ ఒక్క మాటే ఎందుకు మిగిలిందని మేడమ్ ఆశ్చర్యపోయింది, నేను పోలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి బావ ఏం చెప్పినా చివర్లో అక్క అనే మాట అది. వానలకు పొలాలు కొట్టుకుపోయినా నిత్యం నడిచిన కాలిబాట గట్టిగా నిలబడుతుంది చూడండి, అలా నిలబడింది. కానీ ఒప్పుకునే మాట మాత్రమే మిగిలిన మనిషిని దేనికైనా ఒప్పించొచ్చు. మొదటిరోజు స్ట్రెచరు పక్కన నిలబడి బావ, "కాలు జారిందని చెప్పు డాక్టరుగారికి, భయపడకు" అన్నాడు. "మరే" అంది అక్క. డాక్టరు రాసుకున్నాడు.

బావ గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. మా వైపు వాళ్ళందరికీ ఆయనంటే ప్రాణం, బంగారం లాంటి మనిషి, చీమకు కూడా దారిచ్చే రకం, అల్లుడంటే అలా ఉండాలి అంటారు. ఇక్కడ ఆసుపత్రిలో కూడా అంతే, రోజూ అక్క జుట్టు తనే దువ్వుతాడు, చిక్కు తగలకుండా కుదుళ్ళ దగ్గర పట్టుకుని మరీ దువ్వుతాడు, ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా అంటారు నర్సులు. దువ్వుతున్నంతసేపూ అక్క భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. అది జబ్బు వల్లనేమో. ఫోనులో అక్క నాతో ఏం మాట్లాడినా స్పీకరులోనే మాట్లాడేది, మధ్యలో ఆయన ఓ జోకు వేసేవాడు, ముగ్గురం నవ్వేవాళ్ళం. అది కలివిడితనమేమో. ఒకసారి వాళ్ళింట్లో భోజనాల దగ్గర పిచ్చుక చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. పిచ్చుక అంటే అక్క కూతురు, మూడో తరగతి, పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆ పేరు పెట్టాను. బావ నీళ్ళు తన వైపు పారుతుంటే చూస్తూ, తినడం ఆపి, చెంచాను పళ్ళేనికి సరిగ్గా సమానంగా పెట్టి, "పరవాలేదు తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే ఇప్పుడు తలుచుకున్నా వీపు మీద ఏదో పాకినట్టుంటుంది. వెంటనే అక్క పెద్దగా నవ్వి, మా బడిలో హెడ్మాస్టరు గురించి ఎప్పుడో నేను చెప్పిన కథే మళ్ళీ నాకు చెప్పడం మొదలుపెట్టింది, ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, ఎవరో రేడియో సౌండు పెంచేసినట్టు. పిచ్చుక గాజుముక్కలు ఏరుతోంది. ఒక్కొక్కటి తీసి అరచేతిలో పెట్టుకుంటోంది.

ఎర్ర బటను. దీనికి లోపల "కాదు". ఆకుపచ్చ దాన్నే కాపీ చేసి రంగు మార్చాను, సైజు ఒకటే ఉండాలి, ఒకటి పెద్దదైతే వేలు అటే పోతుంది. నిన్నటి తప్పు ఇక్కడ జరగకూడదు. నిన్న ఏమైందంటే, అక్క కోసం ఇల్లు ఆట అని ఒకటి చేశాను, రోగికి తెలిసిన బొమ్మలైతే మంచిదని మేడమ్ అంటే నా ఫోనులో ఉన్న వాళ్ళింటి ఫోటోలు తీసి ఒక్కో స్లైడులో ఒక్కొక్కటి పెట్టాను, ఫోటోలో తలుపు ఉన్నచోట కంటికి కనిపించని బటను పరిచాను, రంగు లేకుండా, గీత లేకుండా, అప్పుడు తలుపు ముట్టుకోగానే గదిలోకి వెళ్ళినట్టే ఉంటుంది. అక్కకు నచ్చింది. ఎడమ చూపుడు వేలితో వంటింట్లోకి వెళ్ళింది, పెరట్లోకి వెళ్ళింది, పిచ్చుక గదిలోకి వెళ్ళి గోడ మీద ఫోటోలో ఉన్న పిచ్చుకను చూసి చాలాసేపు అక్కడే ఉంది. మెట్ల ఫోటో దగ్గరికొచ్చేసరికి వేలు గాల్లో ఆగిపోయింది. పై పెదవి మీద చెమట పట్టింది. నాకు ఏమనిపించిందో తెలియదు, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకుని గబగబా ఒక స్లైడు చేర్చాను: "మెట్ల మీద నువ్వే జారావా?" కింద రెండు బటన్లు. అక్క చెయ్యి వణికింది, వేలు తెరకు తగిలింది, తెర నిండా "కాదు" అని వచ్చింది. అదే క్షణంలో తలుపు తెరుచుకుని బావ పళ్ళరసం పట్టుకుని వచ్చాడు. "ఏం ఆటరా అది, నాకూ నేర్పండి" అన్నాడు. నేను మూత వేసేశాను.

అప్పటినుంచి ఆ కాదు నా గొంతులో వెలక్కాయలా ఉంది. మింగలేను, కక్కలేను. పొద్దున అమ్మకు ఫోను చేసి, అక్క జారలేదేమోనమ్మా అన్నాను. అమ్మ అంది, "అది నోరు లేనిదై కూర్చుంటే దాని నోట్లో నీ మాటలు పెట్టకు. పచ్చని కాపురంలో నిప్పులు పొయ్యకు. అయినా ఆ అబ్బాయి దాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు కదే." నిజమే, చూసుకుంటున్నాడు. ఇందాక బావ అలా కిందికి వెళ్ళగానే ఆ స్లైడు మళ్ళీ తెరిచాను, మేడమ్‌కు చూపిద్దామని, నా మణికట్టు బటన్లకు ఎక్కడో దూరంగా తెల్లటి ఖాళీ చోట తగిలింది. "కాదు" అని వచ్చేసింది. ఎంత పిచ్చిదాన్ని. ఏ బటనూ లేని చోట ముట్టుకుంటే ఈ సాఫ్ట్‌వేరు తర్వాతి స్లైడుకు వెళ్ళిపోతుంది, దాని అలవాటే అది, కొత్తగా ఆటలు చేసే టీచర్లకు నేను చెప్పే మొదటి పాఠమే అది, ఆ అలవాటు మాన్పించకపోతే పిల్లాడు జవాబు చెప్పకపోయినా చెప్పినట్టు అవుతుందని. నిన్న తొందరలో మాన్పించలేదు. ప్రశ్న తర్వాతి స్లైడు "కాదు". అక్క కాదు అని నొక్కిందో, వేలు వణికి పక్కన పడిందో ఎవరికి తెలుసు? నేను ఒక గురి తప్పిన వేలును పట్టుకుని ఒక మనిషిని నేరస్థుణ్ణి చేయబోయాను. లేదా, అది గురి తప్పలేదు, ఇంకాసేపట్లో నేను జడ వేసి, పూల చున్నీ కప్పి, అక్కను నా చేతులతో ఆ మెట్ల దగ్గరికి పంపబోతున్నాను. రెండిట్లో ఏదో ఒకటి నిజం. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను పెట్టెలకు మూలలు గుండ్రంగా తిప్పుతున్నాను.

ఎక్కడ ముట్టుకున్నా ముందుకు పొమ్మనే టిక్కు అన్ని స్లైడులకూ తీసేశాను. ఆట నడిచే పద్ధతి మార్చాను, ఇప్పుడు బటను నొక్కితే తప్ప ఏమీ కదలదు, ఖాళీలో ఎంత కొట్టుకున్నా తెర రాయిలా ఉంటుంది. రెండు బటన్లనూ దూరదూరంగా జరిపాను. ఒక పసుపు బాణం కూడా పెట్టాను, "వెనక్కి" అని, అది ప్రతి ఆటలోనూ పెడతాను, వెనక్కి రాలేని చోటికి పిల్లలు ముందుకు పోరు. లిఫ్టు ఆగింది. అడుగులు. గదుల వరస దాటి పోయాయి. ల్యాప్‌టాప్ కీబోర్డును వెనక్కి మడిచి, పలకలా చేసి, భోజనం పెట్టే చక్రాల బల్ల మీద పెట్టి అక్క ముందుకు తోశాను. "అక్కా, చిన్న ఆట. నీకు తెలిసిందే నొక్కు. తొందర లేదు" అన్నాను, తొందర లేదన్న నా గొంతే తొందరగా ఉంది. ముందు తేలికవి. ఇప్పుడు వాన పడుతోందా? బయట ఎండ మండిపోతోంది. అక్క కిటికీలోకి చూసి, కాదు నొక్కింది. నీకు కూతురుందా? అవును. నేను నీకంటే పెద్దదాన్నా? "మరే" అంది నోరు, వేలు మాత్రం తిన్నగా వెళ్ళి కాదు మీద వాలింది, తన నోటికీ తన వేలికీ పొత్తు కుదరకపోవడం చూసి అక్క నవ్వింది, పడిన తర్వాత మొదటిసారి నవ్వింది, ముక్కుతో, చిన్నప్పటిలా. వేలు వణుకుతోంది కానీ గురి తప్పడం లేదు. బటన్ల చోటు మార్చి మళ్ళీ అడిగాను, మళ్ళీ సరిగ్గానే నొక్కింది. ఇక ఆపలేను. స్లైడు తెరిచాను. మెట్ల మీద నువ్వే జారావా?

అక్క చదివింది. పెదవులు కదిలాయి. వేలు వెళ్ళింది. అవును.

తెర నిండా ఆకుపచ్చగా అవును. జారింది. తనే జారింది. మంచం అంచు మీద కూలబడ్డాను, ఏడుపు, నవ్వు కలిసి వచ్చేశాయి, బావా, నన్ను క్షమించు, చెంచా సమానంగా పెడితే తప్పా, జుట్టు మెల్లగా దువ్వితే తప్పా, ఎంత విషం పేరుకుంది నాలో, అమ్మ అన్నదే నిజం, ఇంకా నయం ఎవరికీ చెప్పలేదు. దువ్వెన తీసుకుని అక్క వెనక్కి వెళ్ళాను. "పద, జడ వేస్తాను" అన్నాను. దువ్వెన జుట్టుకు తగిలిందో లేదో అక్క ఎడమ చెయ్యి వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. వదిలేసి తెర వైపు వంగి పసుపు బాణం నొక్కింది. ప్రశ్న వచ్చింది. మళ్ళీ బాణం. మళ్ళీ మళ్ళీ బాణం. నా వాన ప్రశ్నలన్నీ దాటుకుని నిన్నటి ఇంటి ఫోటోల్లోకి వెళ్ళిపోయింది. తలుపు. పిచ్చుక గది. గోడ మీద పిచ్చుక. వెనక్కి. మెట్లు. వెనక్కి. పిచ్చుక. మెట్లు. పిచ్చుక. మెట్లు. ఊపిరి గట్టిగా తీస్తోంది, ఆగి నా మొహంలోకి చూస్తోంది, నీకింకా అర్థం కాదా అన్నట్టు, మా ఒకటో తరగతిలో అక్షరం నోటికి రాని పిల్ల నా కొంగు లాగినట్టు. దువ్వెన నా చేతిలోంచి ఎప్పుడు పడిందో తెలియదు.

"పిచ్చుక మెట్ల మీద ఉందా?" నోటితో అడిగాను, అడిగి, కాదు కాదు, నోటితో అయితే మరే అంటుంది, బల్ల లాక్కుని రాశాను, అక్షరాలు తప్పులు పడ్డాయి, అలాగే పెట్టాను. అవును. బావ కూడా ఉన్నాడా? అవును. బావ నిన్ను తోశాడా? కాదు. అది కూడా అంతే స్థిరంగా. పిచ్చుకను పట్టుకోబోయి జారావా? అవును. పిచ్చుక పడబోయిందా? వేలు కాదు మీదకు వెళ్ళి, అక్కడ ఆగి, నొక్కింది. మరి ఎందుకు పట్టుకోబోయావు? ఇది రాసి చూసుకున్నాను, దీనికి అవును లేదు, కాదు లేదు, తుడిపేశాను. అక్క ఆసుపత్రిలో చేరాక పిచ్చుక మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచి స్నానం దగ్గరికి నన్ను రానివ్వడం లేదు, నేనే పోసుకుంటా పిన్నీ అంటుంది, ఈ ఎండల్లో పొడుగు చేతుల గౌను వేసుకుంటుంది, పెద్దదైపోతోంది, సిగ్గు అనుకుని అమ్మా నేనూ మురిసిపోయాం. ఏ ప్రశ్న అడగాలో నా వేళ్ళకు తెలుసు. వేళ్ళు రాశాయి. "పిచ్చుకను వాళ్ళ నాన్న కొడతాడా?"

అక్క వెంటనే నొక్కలేదు. తెర వైపు చూస్తూ ఉంది. బయట ఎవరిదో పసిపాప ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు. అక్క కళ్ళు మూసుకుని, వేలు ఆకుపచ్చ మీద పెట్టింది. తెర మారిపోయింది. అయినా వేలు తియ్యలేదు. అవును అన్న అక్షరాల మీద అలాగే అదిమిపెట్టి ఉంచింది, గోరు కింద రక్తం పోయి తెల్లబడేదాకా. జారింది నిజమే. ఎవరూ తోయలేదు, అదీ నిజమే. నేను అడిగిన ప్రశ్నకు ఆమె నిజమే చెప్పింది, నేను అడగనిది ఎవరు చెబుతారు.

పిచ్చుక బడికి ఫోను చేశాను. పిల్లను నేను వచ్చేదాకా ఎవరికీ పంపొద్దు, నేను పిన్నిని అన్నాను. అవతల ఆవిడ గొంతులో చిరునవ్వు. "వాళ్ళ నాన్నగారు ఇప్పుడే తీసుకెళ్ళారండీ. అమ్మ ఇవాళ ఇంటికొస్తోందటగా, చాలా సంతోషం." ఆయన అడిగిన గంట కాగితాల కోసం కాదు. అక్క నా మొహం చదివేసింది. వరండా చివర మాటల మేడమ్ గది దాకా పరిగెత్తాను, చెప్పులు ఎక్కడ వదిలేశానో, చెప్పింది సగం, మింగింది సగం. ఆవిడ వింటూనే కుర్చీలోంచి లేచింది. "మీరు అడిగితే మీకు కావలసిన జవాబు వచ్చిందంటారు రేపు. నేను అడుగుతాను. మీరు బయట ఉండండి" అని అక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను లిఫ్టు తలుపులకు ఎదురుగా నిలబడ్డాను, ఒట్టి కాళ్ళతో, చల్లటి నేల మీద. తలుపుల పైన అంకెలు వెలుగుతున్నాయి, పైకి వస్తున్నాయి, మా అంతస్తు దాటి పోతున్నాయి, కిందికి దిగుతున్నాయి. కారులో పిల్లతో ఏం మాట్లాడుతున్నాడో. సీటు బెల్టు తనే పెట్టి ఉంటాడు, చాలా జాగ్రత్త మనిషి. మేడమ్ బయటికొచ్చింది. వెళ్ళినప్పటి మొహం కాదది. "బటన్లు అటూ ఇటూ మార్చి అడిగాను. వేరేగా తిప్పి అడిగాను. ఒకటే చెబుతోంది. డిశ్చార్జి ఆపిస్తున్నాను, పిల్లల సంరక్షణ వాళ్ళకీ పోలీసులకీ నేనే ఫోన్ చేస్తాను. మీరు లోపలే ఉండండి. ఆయనొస్తే గొడవ పెట్టుకోవద్దు, మామూలుగా ఉండండి." మామూలుగా ఉండడం ఎలాగో నేను అక్క దగ్గర నేర్చుకోవలసింది.

వాళ్ళు వచ్చారు. ముందు పిచ్చుక, వెనక బావ, ఆమె మెడ వెనక ఆయన అరచెయ్యి, తోస్తున్నట్టు కాదు, ఊరికే పెట్టినట్టు. "చూడు తల్లీ, అమ్మ రెడీ" అన్నాడు, ఆ తర్వాత అక్క విరబోసుకున్న జుట్టు చూశాడు, నేల మీద దువ్వెన చూశాడు. "ఏం మరదలా, ఇంకా ఆటలేనా?" వంగి దువ్వెన తీసి, ఊది, జేబులో పెట్టుకున్నాడు. నిలబడుతుంటే బల్ల మీద తెర కనిపించింది. నేను మూయలేదు. మేడమ్ చివరగా అడిగిన ప్రశ్న అక్కడ అంతంత అక్షరాలతో అలాగే ఉంది, మూడో తరగతి పిల్ల చదవగలిగినంత పెద్దగా. పిచ్చుకను వాళ్ళ నాన్న కొడతాడా? బావ చదివాడు. పిచ్చుక చదివింది. బావ నవ్వు మొహం మీద అలాగే ఉంది, చెయ్యి చాపి తెర మీద ఓ పక్కన తట్టాడు, ఈగను తోలినట్టు. పోలేదు. ఇంకోచోట తట్టాడు. మూల తట్టాడు. ప్రశ్న రాయిలా ఉంది. "పాడైనట్టుందే నీ బొమ్మ" అన్నాడు నా వైపు చూడకుండా, మెడ పక్కన నరం ఒకటి లేచింది, తడుతున్న వేలు గట్టిపడింది, టక్, టక్, చివరికి ఎర్ర బటను మీద పొడిచాడు. తెర నిండా కాదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అసలు ఎవరడిగారు ఆయన్ని. "చూశావా తల్లీ, కాదట" అన్నాడు మెత్తగా.

పిచ్చుక ఆ ఎర్రటి అక్షరాల వైపు చూసింది. వాళ్ళమ్మ వైపు చూసింది. అక్క ఎడమ చెయ్యి కుర్చీ పక్కనుంచి లేచి, గాల్లో తడబడి, పిల్ల నడుము చుట్టూ పడి, దగ్గరికి లాక్కుంది, ఒంటి చేత్తోనే, కుర్చీ కిర్రుమనేలా. బావ అరచెయ్యి ఖాళీ అయింది. పిచ్చుక అమ్మ ఒళ్ళోకి సగం ఎక్కి అక్కణ్ణుంచి చెయ్యి చాపి పసుపు బాణం నొక్కింది. ప్రశ్న మళ్ళీ వచ్చింది. తండ్రి కళ్ళల్లోకి చూడలేదు, చూస్తే నొక్కేది కాదేమో, తెరను మాత్రమే చూస్తూ ఆకుపచ్చ మీద వేలు పెట్టింది.

తలుపు దగ్గర మేడమ్, ఆవిడ వెనక ఆసుపత్రి కాపలా మనుషులు ఎప్పటినుంచి ఉన్నారో నాకు తెలియదు. "సార్, మీరు బయట కూర్చోవాలి" అంది మేడమ్. నేను అరుపులకు సిద్ధపడ్డాను, బల్ల ఎగిరిపడుతుందనుకున్నాను, అరిచి ఉంటే ఎంత బాగుండేది, అందరూ వినేవాళ్ళు. "అలాగే మేడమ్, తప్పకుండా. తలకి దెబ్బ తగిలిన మనిషి, చిన్నపిల్ల, వీళ్ళ మాటకేముంది" అన్నాడు. చొక్కా చేతులు సర్దుకున్నాడు. గుమ్మంలో తిరిగి, ముగ్గురి వైపూ ఒకేలా చూసి, "నేను బయటే ఉంటాను" అన్నాడు.

ఉన్నాడు. తలుపుకున్న గరుకు గాజులోంచి ఆయన ఆకారం కనిపిస్తూనే ఉంది, కదలకుండా, చేతులు వెనక్కి కట్టుకుని. పిచ్చుక మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకుంది, కాసేపటికి నిద్రపోయింది, పట్టపగలు, బూట్లతోనే. పాదాలు మంచం అంచున వేలాడుతున్నాయి. బూట్లు విప్పబోయాను. అక్క చెయ్యి వచ్చి నా చేతిని ఆపింది. ఉండనీ. ఏ క్షణంలో లేచి పరిగెత్తాలో అని ఆ తల్లీకూతుళ్ళు ఎన్నాళ్ళుగా ఇలా పడుకుంటున్నారో. బయట లిఫ్టు ఆగింది, కొత్త గొంతులు, ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, బావ గొంతు మధ్యలో, మర్యాదగా, కలివిడిగా, ఏదో చెబుతోంది. ఆ తర్వాత నవ్వులు. ముగ్గురూ నవ్వారు. అక్క విన్నది. నేను అక్క మొహం చూడలేకపోయాను. అయిపోయింది, ఈ మనిషి వాళ్ళను కూడా నవ్వించేశాడు, మేడమ్ చెప్పినవన్నీ ఆ నవ్వులో కరిగిపోతాయి, సాయంత్రానికి బావ, అక్క, పిచ్చుక ఒకే కారులో.

తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది, మెడలో పిల్లల సంరక్షణ వాళ్ళ గుర్తింపు కార్డు, భుజానికి సంచి. బావ జోకు తాలూకు నవ్వు మొహం మీద ఇంకా ఆరలేదు. "ఏమ్మా, బాగున్నారా" అని అక్కను పలకరిస్తూ మంచం దగ్గరికొచ్చి, "అయ్యో, పాప బూట్లతోనే పడుకుందే" అని వంగి ఒక బూటు లేసు పట్టుకుంది. పిచ్చుక నిద్రలోనే, కళ్ళు తెరవకుండానే, రెండు చేతులూ లేపి తల కప్పేసుకుంది. గౌను పొడుగు చేతులు మోచేతుల దాకా జారాయి.

ఆవిడ లేసు వదిలేసింది. ఆ చేతుల వైపు చూస్తూ అలాగే వంగి ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా నిటారుగా లేచి, వెళ్ళి, తలుపుకు లోపలినుంచి గడియ వేసింది.